పిక్కలు, ఈనెలు, చిట్టీలు: ఒకటి, రెండు తరగతుల పరిశీలన డైరీ

కోనసీమలో గోదావరి పాయ వైనతేయ గట్టుకి దగ్గరగా ఉన్న ప్రాథమిక పాఠశాల మాది. ఒకటో తరగతిలో 11 మంది, రెండులో 8 మంది, అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. ఈ 19 మందికి లెక్కలూ రాతా ఎలా అబ్బుతున్నాయో చూస్తూ రాసుకున్నది ఈ డైరీ. ఇలాంటి గదే ఉన్న టీచర్లు పనికొచ్చినవి తీసుకుంటారని, మేం వదిలేసిన పద్ధతుల మీద మళ్లీ టైం పెట్టరని దీన్ని పంచుకుంటున్నాను. పిల్లల పేర్లు ఎక్కడా లేవు.

చిన్న తరగతుల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం 2021 జూలైలో మొదలైంది. దాని ప్రకారం ఒకటో తరగతి అయ్యేసరికి పిల్లలు 99 వరకు సంఖ్యలు చదవాలి, రాయాలి. మంచి లక్ష్యమే. అయితే అది ఏప్రిల్‌కి పిల్ల ఎక్కడుండాలో చెబుతుంది. జూలైలో ఈ పిల్ల ఎక్కడ ఆగింది, ఎందుకాగింది అన్నది ఆ గదిలో ఉన్న టీచరే చూడాలి.

దశ 1: గళ్ల రిజిస్టరు ఎందుకు ఆపేశాం

మొదట వాడింది పెద్ద రిజిస్టరు. ఒక్కో పిల్లకి ఒక వరస, ఒక్కో నైపుణ్యానికి ఒక గడి, గడిలో ఎ, బి, సి. రెండు తరగతుల్ని ఒకేసారి నడుపుతూ పాఠం మధ్యలో దాన్ని తెరవడం కుదరదు కాబట్టి బడి వదిలాక నింపాల్సి వచ్చేది. సాయంత్రానికి గుర్తుండేది బాగా అల్లరి చేసినవాడు, బాగా జవాబు చెప్పిన పిల్ల. మిగతా అందరికీ ‘బి’ పడేది. జూలై మొదటి వారం పేజీలో 19 మందిలో 14 మందికి అన్ని గళ్లలోనూ ‘బి’నే. ఆ పేజీ చూసి మర్నాడు ఎవరికి ఏం చెప్పాలో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు.

మార్చింది ఇది:

1. రిజిస్టరు బదులు అరచేయంత చిట్టీలు. ఒకవైపు వాడేసిన జిరాక్సు కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే సరిపోతుంది.
2. రోజుకు నలుగురే. సోమవారం నుంచి శుక్రవారం దాకా 20 చోట్లు, పిల్లలు 19. మిగిలిన చోటు ఆ వారం తప్పిపోయినవాళ్లకి. శనివారం చిట్టీలు చదవడానికే.
3. చిట్టీ మీద నాలుగే సంగతులు: తేదీ, ఇచ్చిన పని, పిల్ల ఏం చేసింది, ఏమంది.
4. ‘వెనకబడ్డాడు’, ‘చురుకు’, ‘శ్రద్ధ లేదు’ అని రాయకూడదు. కంటికి కనబడిందీ చెవికి వినబడిందీ రాయాలి.

నాలుగో నియమం అలవాటవడానికే ఎక్కువ కాలం పట్టింది. ‘లెక్కలు రావు’ అని రాసేయడం తేలిక. దాని బదులు ‘ఆరు పిక్కల్ని వేలితో తాకుతూ ఏడు దాకా వెళ్లింది, నాలుగో పిక్కను రెండుసార్లు తాకింది’ అని రాస్తే అర నిమిషం ఎక్కువ పడుతుంది. కానీ అది చదవగానే రేపటి పని తెలిసిపోతుంది: లెక్కపెట్టిన పిక్కను పక్కకి జరపడం నేర్పాలి.

దశ 2: పిక్కలతో లెక్క

వరసగా అంకెలు చెప్పడం వేరు, వస్తువులు లెక్కపెట్టడం వేరు. రోచెల్ గెల్‌మన్, చార్లెస్ గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో లెక్కపెట్టడానికి ఐదు సూత్రాలు చెప్పారు. ఒక్కో వస్తువుకి ఒక్కటే సంఖ్య అనాలి. సంఖ్యల వరస మారకూడదు. ఆఖరున అన్న సంఖ్యే మొత్తం. దేన్నయినా లెక్కపెట్టొచ్చు. ఎటునుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. ఐదింటినీ విడివిడిగా చూడటానికి మా గదిలో టైం లేదు. మా పిల్లలు ఎక్కువగా ఆగింది మూడోదాని దగ్గర కనక పని దాని చుట్టూనే పెట్టుకున్నాం.

సామాను: కడిగి ఎండబెట్టిన చింతపిక్కలు 30, రెండు కొబ్బరి చిప్పలు, ఒక చాప.

1. ఒక చిప్పలో 30 పిక్కలూ పోసి పిల్ల ముందు పెట్టాలి. రెండోది ఖాళీ.
2. “మూడు ఇవ్వు” అనాలి. తర్వాత ఐదు, ఎనిమిది, పన్నెండు. తడబడిన చోట ఆపేయాలి.
3. ఇచ్చాక “ఇందులో ఎన్ని ఉన్నాయి?” అని అడగాలి. వెంటనే చెప్పిందా, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టిందా రాసుకోవాలి.
4. అవే పిక్కల్ని దూరం దూరంగా పరిచి మళ్లీ అడగాలి.
5. మధ్యలో సరిదిద్దకూడదు, తల ఊపకూడదు.

మొదట ఈ పని టీచరు బల్ల దగ్గర పెట్టాం. పిల్లలకి టెన్షన్ వచ్చేసింది. పిక్కల్ని వదిలేసి నా మొహం చూస్తున్నారు. ఎనిమిది అడిగితే గుప్పెడు తీసి ఇచ్చి, నేను ఏమంటానా అని ఎదురు చూస్తున్నారు. అందుకని చాప మీదకి మార్చి కొట్టు ఆటగా చేశాం. పిల్ల కొట్టు యజమాని, పిక్కలు రొయ్యలు, నేను కొనడానికి వచ్చినదాన్ని. “ఏమండీ, ఎనిమిది రొయ్యలు ఇస్తారా?” అంతే తేడా. బల్ల దగ్గర 16 మందిలో ఆరుగురు ఎనిమిది సరిగ్గా ఇచ్చారు. అదే వారం చాప మీద అదే 16 మందిలో తొమ్మిది మంది ఇచ్చారు. ఆ ముగ్గురికీ లెక్క ముందునుంచీ వచ్చు, బల్ల దగ్గర బయటికి రాలేదు. బల్ల దగ్గర తీసిన అంకెలన్నీ కొట్టేసి చాప మీదవే ఉంచాం.

పిక్కల విషయంలో రెండు జాగ్రత్తలు. గుజ్జు అంటుకుని ఉంటే చీమలు పడతాయి, బాగా కడిగి ఎండబెట్టి మూత బిగిసే డబ్బాలో పోయాలి. ఇంకోటి ముఖ్యం: ఈ వయసులో ముక్కులోనూ చెవిలోనూ పెట్టుకునే పిల్లలుంటారు. అందుకే పిక్కలు గదిలో విడిగా తిరగవు. నేను ఎదురుగా ఉన్నప్పుడే డబ్బా తెరుస్తాం. ఆట అయ్యాక 30 తిరిగి వచ్చాయా అని పిల్లలే లెక్కపెడతారు.

మధ్యాహ్న భోజనం టైం కూడా పరిశీలనకి బాగా పనికొచ్చింది. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరుంది. ఆవిడ అన్నం పెట్టిన లంకల గన్నవరం మా కోనసీమదే కాబట్టి పిల్లలకి ఆ కథ తెలుసు. “మీ వరసకి సరిపడా కంచాలు తీసుకురా” అంటే చాలు. ఒకసారి వెళ్లి లెక్కతో తెచ్చేవాళ్లు కొందరు. ఒక్కో కంచం తెచ్చి ఒక్కొక్కరి ముందు పెట్టేవాళ్లు ఇంకొందరు. రెండోవాళ్లకి జత కుదర్చడం వచ్చు, మొత్తం ఎంతో ముందే అనుకోవడం రాలేదు. చాప మీద తడబడిన పిల్ల కంచాల దగ్గర కూడా అలాగే చేస్తే ఆ చిట్టీని నమ్మొచ్చు.

నడుస్తున్న లెక్క, జూలై చివర (19 మందిలో చూసింది 16):
- 20 దాకా వరసగా చెప్పినవారు: 14
- ఎనిమిది పిక్కలు సరిగ్గా ఇచ్చినవారు: 9
- దూరంగా పరిచాక మళ్లీ లెక్కపెట్టకుండా చెప్పినవారు: 5

మొదటి అంకెకీ ఆఖరు అంకెకీ మధ్య తొమ్మిది మంది ఉన్నారు. నోటి లెక్క విని ‘వచ్చేసింది’ అనుకునేది వీళ్లనే.

దశ 3: పంటు ఆగినప్పుడు

పైన చూడని ముగ్గురూ లంక పిల్లలు, అంటే ఏటి మధ్య దిబ్బ మీద ఉండేవాళ్లు. పంటు మీద ఏరు దాటి వస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. వరద పెరిగితే పంటు తిప్పరు, ఆ పిల్లలు రారు.

రిజిస్టరు పద్ధతిలో వీళ్ల గళ్లలో ‘సి’ పడేది. రాని పిల్లకీ, వచ్చి చేయలేని పిల్లకీ ఒకటే గుర్తు. ఇప్పుడు మూడు గుర్తులు వాడుతున్నాం: చేస్తే టిక్కు, చూసినా చేయకపోతే చిన్న గీత, చూడకపోతే ఖాళీ. మొత్తాలు వేసేటప్పుడు ఖాళీలు కలపం, ‘ఇంతమందిలో చూసింది ఇంతమంది’ అని పక్కన తప్పకుండా రాస్తాం. మాలాంటి చోట ఇది లేకపోతే ప్రతి ఆగస్టులోనూ లంక పిల్లలు చదువులో వెనక అన్నట్టు కాగితం మీద కనబడుతుంది. వాళ్లు తిరిగి వచ్చాక చూస్తే ఆ ముగ్గురిలో ఇద్దరు పన్నెండు కూడా సరిగ్గా ఇచ్చారు.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వానాకాలం తేమకి స్కెచ్ పెన్ను రాత పాకిపోయింది. పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. చిట్టీలు ట్రంకు పెట్టెలో, పెట్టె బల్ల మీద.

దశ 4: రాత, పలక మీదనుంచి కాగితం మీదకి

పలకా బలపం చెయ్యి తిరగడానికి మంచివి, వాటిని మానలేదు. కానీ పలక మీద రాసింది తుడిస్తే పోతుంది. జూన్‌లో ఈ పిల్ల ఎలా రాసిందో సెప్టెంబరులో చూపించడానికి ఏమీ మిగలదు. నోటు పుస్తకాల్లో ఉన్నది బోర్డు చూసి ఎక్కించినదే. రెండోదాని వల్ల ఎక్కువ దారి తప్పుతాం. గదిలో అందరికన్నా గుండ్రంగా రాసే పిల్లవాడికి బోర్డు తుడిచేసి ‘పడవ’ చెబితే ‘వ’ ఒక్కటే రాశాడు. పక్కన కూర్చుని చూస్తే అతను ‘క’ని మూడు ముక్కలుగా, ప్రతిసారీ వేరే చోట మొదలుపెట్టి గీస్తున్నాడు. అది బొమ్మ వేయడం. వంకర అక్షరాలతో రోజూ మాట పడే పాప మాత్రం విన్న మాటలో ప్రతి అక్షరాన్నీ పట్టుకుంటోంది.

అందుకని పదిహేను రోజులకి ఒక నమూనా కాగితం మొదలుపెట్టాం.

1. ఐదు మాటలు: వల, పడవ, కాకి, రొయ్య, కొబ్బరి. పిల్లలకి బాగా తెలిసినవే, కానీ ఆ వారం బోర్డు మీద కనబడకూడదు.
2. మాట రెండుసార్లు మామూలుగా చెప్పాలి. “కా...కి” అని సాగదీస్తే జవాబు మనమే చెప్పినట్టు.
3. రబ్బరు ఉండకూడదు. తప్పనిపిస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి.
4. కింద పాత క్యాలెండరు అట్ట పెట్టాలి. బలపం అలవాటుతో గట్టిగా నొక్కుతారు, కాగితం చిరుగుతుంది.

రబ్బరు తీసేయడం వల్ల బాగా లాభం కలిగింది. ‘కకి’ అని రాసి, కొట్టేసి, ‘కాకి’ అని రాసిన పిల్ల తన తప్పు తనే విన్నది. చెరిపేసి ఉంటే అది కనబడేది కాదు.

మొదట మాటకి ఒక మార్కు వేశాం, ఐదుకి ఎన్ని అని. అది ఏమీ చెప్పలేకపోయింది. ఒక పాప కాగితం ఇలా ఉంది: వల, పడవ, కకి, రయ, కబరి. మాటల లెక్కలో ఐదుకి రెండు. అక్షరాల లెక్కలో చూస్తే ఐదు మాటల్లోని 12 అక్షరాల్లో ఒక్కటీ తప్పు లేదు. గుణింతపు గుర్తులు ఐదు రావాలి (కా, కి, రొ, కొ, రి), గుడి రెండుసార్లూ పెట్టింది, దీర్ఘమూ ఒత్వాలూ రాలేదు. ఒత్తులు రెండూ పోయాయి. అంటే ఈ పాపకి అక్షరాలు మళ్లీ దిద్దించక్కర్లేదు. అప్పటినుంచి ప్రతి కాగితం మీదా మూడు అంకెలు వేస్తున్నాం: అక్షరాలు 12కి, గుణింతం 5కి, ఒత్తులు 2కి. ఈ పాపవి 12, 2, 0.

నడుస్తున్న లెక్క, సెప్టెంబరు (19 మందిలో రాసింది 18):
- అక్షరాలు 10 లేదా పైన: 9
- గుణింతం 4 లేదా పైన: 4
- ఒత్తులు రెండూ: 1

ఈ అంకెలు చూశాక పాఠంలో రెండు మార్చాం. గుణింతం వరసగా చదివించడం తగ్గించాం. “క కా కి కీ” అని పాటలా గడగడా చెప్పేవాళ్లు మధ్యలోంచి ‘కొ’ ఏదని అడిగితే మళ్లీ మొదటినుంచి రావాల్సి వచ్చేది. దాని బదులు గుర్తు మారితే అర్థం మారే జతలు పెట్టాం: మెడ–మేడ, పడు–పాడు. నేనొకటి అంటే పిల్లలు ఆ బొమ్మ పట్టుకోవాలి, తర్వాత రాయాలి. ఒత్తుల కోసం చప్పట్లు. ‘కొబ్బరి’ అంటూ చప్పట్లు కొడితే ‘బ్’ దగ్గర పెదాలు మూసుకుని ఆగడం పిల్లలకే తెలుస్తుంది. ఆగిన చోట కింద ఏదో రావాలి అని వాళ్లే అన్నారు. ప, వ తేడా మాత్రం ఇంకా కొందరికి కుదరలేదు. తలకట్టు విడిగా ఉందా కలిసిపోయిందా అన్నది వేలితో ఇసుకలో రాయిస్తే కొంత మెరుగు.

దశ 5: ఈనెల కట్టలు

పదులూ ఒకట్లూ చూపించడానికి కొబ్బరి ఈనెలు తీసుకున్నాం. మా ఊళ్లో ఈనెలకి కొదవ లేదు. పది సెంటీమీటర్ల ముక్కలు చేసి, చివర్లు గచ్చు మీద అరగదీయాలి, లేకపోతే కంట్లో గుచ్చుకుంటాయి.

కట్ట కట్టడం దగ్గర ఆలస్యమైంది. రబ్బరు బ్యాండ్లు కొద్ది వారాలకే జిగటగా మారి తెగిపోయాయి. పురికొస గట్టిదే కానీ ఆరేళ్ల పిల్లలు ముడి వేయలేరు, నేను కట్టి ఇస్తే కట్టడంలో ఉన్న చదువంతా పోతుంది. చివరికి సైకిలు షాపులో పారేసే పాత ట్యూబు తెచ్చి అర సెంటీమీటరు వెడల్పున చక్రాల్లా కోశాం. రెండు మడతలు తిప్పితే పది ఈనెలు బిగుస్తాయి. డిసెంబరు దాకా ఒక్కటీ తెగలేదు.

పని: మూడు కట్టలు, నాలుగు విడి ఈనెలు పెట్టి “మొత్తం ఎన్ని?” మొదట్లో మూడు రకాల జవాబులు వచ్చాయి.

- “ఏడు.” కట్టనీ ఈనెనీ ఒకేలా లెక్కపెట్టినవాళ్లు.
- “పది, ఇరవై, ముప్పై, నలభై, యాభై...” విడి ఈనెల్ని కూడా పదులుగా పెంచుకుంటూ పోయినవాళ్లు.
- కట్టలన్నీ విప్పి ఒకటినుంచి మొదలుపెట్టినవాళ్లు.

మూడోవాళ్లని ఆపవద్దు. కట్టలో నిజంగా పది ఉన్నాయా అని వాళ్లకింకా నమ్మకం కుదరలేదు. వాళ్లతోనే మళ్లీ మళ్లీ కట్టించాం. కొంతకాలానికి విప్పడం వాళ్లే మానేశారు.

రాయమంటే 304 వచ్చింది, ఒకరిద్దరికి కాదు, చాలామందికి. ముప్పై విన్నారు, 30 రాశారు. నాలుగు విన్నారు, 4 రాశారు. వాళ్లు సరిగ్గానే విన్నారు. పాత శుభలేఖల అట్టలతో 10, 20, 30... వెడల్పు ముక్కలు, 1 నుంచి 9 దాకా సగం వెడల్పు ముక్కలు చేశాం. 30 మీద సున్నా ఉన్న చోట 4 అట్ట పెడితే 34. అట్ట ఎత్తి చూస్తే సున్నా కిందే ఉంది. ఇది పనిచేసింది.

పాఠ్యపుస్తకాలు తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కనే ఉండేవి కాబట్టి ఏ భాషలో అడిగామో కూడా చిట్టీ మీద రాయాల్సి వచ్చింది. ‘థర్టీన్’ అంటే 31 అనీ 30 అనీ రాసిన పిల్లలు ‘పదమూడు’ అంటే 13 రాశారు. భాష గుర్తు లేకపోతే ఆ చిట్టీ చదివినవాళ్లు సంఖ్యే రాలేదనుకుంటారు.

ఈనెలు ఇచ్చిన మామ్మగారు చీపుర్లు కడతారు. ఆవిడ మనవడు మా ఒకటో తరగతిలోనే. వాళ్లమ్మ కువైట్‌లో పనిచేస్తోంది. పిక్కలు పన్నెండు దాటితే అతను తప్పిపోతున్నాడని చిట్టీలో ఉంది. ఆ మాట చెబితే ఆవిడ ఒప్పుకోలేదు.

“అదేంటండీ టీచరుగారూ, కొబ్బరి దింపు రోజున వాళ్ల తాత కాయలు జతలేస్తుంటే పక్కన నిలబడి వీడే లెక్క చెబుతాడండి.”

“ఎలా చెబుతాడు మామ్మగారూ?”

“రెండు, నాలుగు, ఆరు... అలాగేనండి.”

మర్నాడు జతలుగా పెట్టి చూస్తే 24 దాకా తప్పు లేకుండా వెళ్లాడు. అప్పటినుంచి రెండు తరగతుల ఇళ్లలోనూ ఒక ప్రశ్న అడుగుతున్నాం: ఇంట్లో ఏం లెక్కపెడతాడు, ఎలా లెక్కపెడతాడు? జవాబు చిట్టీ వెనక రాస్తాం. ఈ అబ్బాయికి పదుల కట్ట కూడా ఐదు జతలుగా చూపించాం, వెంటనే అందుకున్నాడు.

నడుస్తున్న లెక్క, డిసెంబరు (ఒక కుటుంబం పనికోసం హైదరాబాద్ వెళ్లింది, ఇప్పుడు 18 మంది, అందర్నీ చూశాం):
- ఎనిమిది ఇచ్చినవారు: 17
- పరిచాక లెక్కపెట్టకుండా చెప్పినవారు: 14
- కట్టలు చూసి 34 చెప్పినవారు: 10
- విని 34 రాసినవారు: 7
- అక్షరాలు 10 లేదా పైన: 14
- గుణింతం 4 లేదా పైన: 9
- ఒత్తులు రెండూ: 5

ఖర్చు: మూత డబ్బా, దారం ట్యాగులు కలిపి 120 రూపాయలు. మిగతాదంతా ఊళ్లో దొరికింది.

శనివారం పని

చిట్టీలు రాసి పెట్టెలో పడేస్తే ఏ ప్రయోజనం లేదు, కాబట్టి ఈ భాగం వదలొద్దు. ఆ వారం చిట్టీలు చాప మీద పరిచి, ఒకేచోట ఆగినవాళ్లని ఒక కుప్పగా వేస్తాను. తరగతి చూడను. రెండో తరగతి పిల్ల, ఒకటో తరగతి పిల్ల ఒకే కుప్పలో పడొచ్చు. సోమవారం మొదటి అరగంట ఆ కుప్పల ప్రకారమే కూర్చుంటారు. నాలుగు కుప్పలు దాటితే ఒక్క టీచరు నడపలేరు. దాటినప్పుడు దగ్గరగా ఉన్న రెండింటిని కలిపేస్తాను.

సంక్రాంతి సెలవుల తర్వాత

1. 34 చెప్పగలిగి రాయలేని ముగ్గురికి అట్టలు, మిగతా ఎనిమిది మందికి కట్టలే. అట్టలు వీళ్లకి ఇప్పుడే ఇవ్వం.
2. నమూనా మాటలు మారుస్తాం, పాతవి కంఠతా వచ్చేశాయి. కొత్తవి: తల, నడక, మేక, బుట్ట, చక్కెర. మళ్లీ 12 అక్షరాలే, ఒత్తులు రెండే. గుణింతం మాత్రం ఈసారి మూడుకి (మే, బు, క్కె). కాబట్టి ఆ అంకెని పాతదాంతో నేరుగా పోల్చకూడదు.
3. తీసివేత మొదలు. పదకొండు ఈనెల్లోంచి నాలుగు తీస్తే ఎన్ని అని అడిగి, వేళ్లు వాడారా, వెనక్కి లెక్కపెట్టారా, కట్ట విప్పారా అన్నది రాస్తాం.
4. రెండో తరగతి పిల్లల చిట్టీలు ట్యాగు వేసి, ఏప్రిల్‌లో మూడో తరగతి చూసే హెచ్‌ఎం మాస్టారికి ఇస్తాం. ఒక్కొక్కరికి ముందు పేజీ ఒకటే: ఇప్పుడు ఏం చేయగలుగుతోంది, ఎక్కడ ఆగింది, ఇంట్లో ఎలా లెక్కపెడుతుంది.